నాన్నకి మందు ఇంత త్వరగా మొదలైందంటే మీ వల్లే

మా నాన్నకి టీబీ అని తేలింది, మందులు నడుస్తున్నాయి, జ్వరం తగ్గింది, అన్నం సయిస్తోంది. ఫోన్ చేసి అడిగిన వాళ్ళందరికీ ఇదే కబురు. ఇక థ్యాంక్స్ చెప్పాల్సిన వాళ్ళు కొంతమంది ఉన్నారు.

ముందు మా రేవు దగ్గర మందుల షాపు అన్నకి. నాన్న కొబ్బరి దింపు తీసే మనిషి, దగ్గొస్తే సిరప్ తాగేసి మళ్ళీ చెట్టెక్కడమే. ఈసారి అడిగితే అన్న ఇవ్వలేదు. "రెండు వారాలు దాటిందిగా బాబాయ్, ముందు కళ్ళె పరీక్ష చేయించు" అని ఆశా అక్కకి తనే ఫోన్ చేశాడు. చేతికొచ్చిన బేరం వదులుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారండీ?

అక్క సాయంత్రమే కళ్ళె పట్టే డబ్బా తెచ్చింది. పొద్దున్నే నీళ్ళతో నోరు పుక్కిలించి, గదిలో కాకుండా పెరట్లో నిలబడి, గట్టిగా గాలి పీల్చి లోపల్నుంచి దగ్గాలని చేసి చూపించింది. నాన్న మొదట ఇచ్చింది ఉత్త ఉమ్మే. అక్క డబ్బా వెలుతురుకి పెట్టి చూసి, నవ్వి, మళ్ళీ దగ్గించింది. మూత బిగించి, ఐస్ బాక్సులో పెట్టుకుని మొదటి పంటులోనే గోదారి దాటించేసింది. నీరసంగా ఉన్న మనిషిని జనం మధ్య దగ్గించుకుంటూ తీసుకెళ్ళే పని తప్పింది.

అవతల ఆసుపత్రిలో ట్రూనాట్ మిషన్ ఉంది, మన గోవా కంపెనీదే. టీబీ ఉందో లేదో గంటలో చెప్పేస్తుంది, ఇంకో గంటకి రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా. అదే కల్చర్ అయితే, అంటే కళ్ళెలో క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, క్రిమి పెరగడానికే వారాలు పడుతుంది. మిషన్ ఎంత స్పీడైతే ఏం లాభం, డబ్బా ఇవతలి గట్టునే ఉండిపోతే! ల్యాబ్ తమ్ముడు కూడా రేపు చూద్దాం అనకుండా ఆ పూటే వేసి, డాక్టరమ్మగారికి ఫోన్లోనే రిజల్ట్ చెప్పాడు.

మర్నాడే బరువు చూసి మందులిచ్చారు, 47 కిలోలకి రోజుకి 3 బిళ్ళలు, మొత్తం 6 నెలలు. ఈ మందులకి మూత్రం నారింజ రంగులో వస్తుందని డాక్టరమ్మగారు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మా అమ్మ ఇల్లు పీకి పందిరేసేది. అమ్మకీ మా పిల్లలకీ కూడా పరీక్షలు చేయించారు. తిండి కోసం గవర్నమెంటు ఇచ్చే నెలకి 1000 రూపాయలకి బ్యాంకు పుస్తకం జిరాక్స్ అక్కే పట్టుకెళ్ళింది.

అక్కా, మొన్న పంపిన అరటి గెల వెనక్కి పంపేశారు. ఈసారి నేనే మీ ఇంటికి తెస్తాను, ఎలా వద్దంటారో చూస్తా.