హెర్బేరియం తాళం తీసేవారేరీ?

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల ఖాళీల మీద తరచూ వార్తలు చదువుతున్నాను. అవి నిండాల్సిందే. కానీ బోధనేతర సిబ్బంది గురించి ఒక్క ముక్క కూడా కనపడదు. నేను అలాంటి ఉద్యోగినే. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో 1986 నుంచి 2019 వరకు హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల్ని కాగితపు షీట్లకు అతికించి, లేబుల్ రాసి దాచే గది చూసుకున్నాను. నేను రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరినీ తీసుకోలేదు.

పోయిన నెల ఒక రీసెర్చ్ స్కాలర్ ఫోన్ చేసింది. "సార్, కొండ గుగ్గిలం షీట్లు ఏ బీరువాలో ఉన్నాయి?" అని అడిగింది. ఫోన్‌లో చెబితే తెలిసేది కాదని నేనే వెళ్లాను. తలుపు తీయగానే చెమ్మ వాసన. నాఫ్తలీన్ వాసన లేదు. కవరు తెరిస్తే ఆకులున్న చోట గోధుమరంగు పొడి ఉంది, పురుగులు తినేశాయి. కింద లేబుల్ మాత్రం నా చేతిరాతతో చెక్కుచెదరలేదు. 1991లో మా ప్రొఫెసరుగారితో శేషాచలం కొండలెక్కి తెచ్చిన కొమ్మ అది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నాకే నోట మాట రాలేదు.

ఎండిన ఆకులకు ఇంత బాధ ఎందుకని అనుకోవచ్చు. ఒక చెట్టు ఏ ఏడు, ఏ నెలలో, ఏ కొండ మీద పూసిందో ఆ షీటు చెబుతుంది. ఇప్పుడు పూత ముందుకు జరిగిందా, వెనక్కి పోయిందా అన్నది దాన్ని పక్కన పెట్టుకునే చూడాలి. పాత ఆకు నుంచి డీఎన్ఏ కూడా తీస్తున్నారు. థీసిస్‌లో షీటు నంబరు వేస్తారు కదా, ఆ షీటే పోతే పరిశోధన చేసింది ఏ మొక్క మీదో రేపు ఎవరు తేలుస్తారు? ఫార్మసీ పిల్లలు కవర్లో ఆకులు పట్టుకుని, ఇది ఫలానా మొక్కేనని సర్టిఫికెట్ కోసం మా దగ్గరికే వచ్చేవారు. షీటుతో పోల్చి చూశాకే మా సార్లు సంతకం పెట్టేవారు.

సామర్లకోటలో మొక్కలు పెంచి, 1793లో కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొర సేకరించిన నమూనాలు లండన్ మ్యూజియంలో నేటికీ ఉన్నాయి. మావి ముప్పై ఏళ్లకే పొడి అయ్యాయి.

ఈ పని పుస్తకం చూసి వచ్చేది కాదు. మొక్కల్ని నొక్కి ఎండబెట్టే ప్రెస్‌లో బ్లాటింగ్ పేపర్లు రోజూ మార్చాలి, ముసురు పట్టిన రోజుల్లో పూటపూటా మార్చాలి. ఒక్క రోజు బద్ధకిస్తే ఆకు నల్లబడి బూజు పడుతుంది. మైదా జిగురులో మైలతుత్తం ఎంత కలపాలో నాకు నా ముందున్న పెద్దాయన చేయి పట్టుకుని నేర్పారు. నేను నేర్పడానికి మనిషి లేడు. నా చివరి ఏడాదిలో మూడుసార్లు అర్జీ పెట్టాను. ఫైలు నడుస్తోందన్నారు.

అధికారులకు నా విన్నపం ఇది. టీచింగ్ పోస్టుల నోటిఫికేషన్‌తో పాటు హెర్బేరియం, మ్యూజియం, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులూ భర్తీ చేయండి. పాత మనిషి రిటైరయ్యే ఆరు నెలల ముందే కొత్తవారిని వేయండి. ఇప్పటికైతే ఒక డీప్ ఫ్రీజర్ కొనండి. షీట్లను కవర్లలో బిగించి మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం పాటు ఉంచితే పురుగు చస్తుంది. మేము వాడిన పాదరసం మందు లాంటి విషాలు అక్కర్లేదు. పాడవని షీట్లకు ఫొటోలు తీయించండి.

నాకు 66 ఏళ్లు. కళ్లజోడు పెట్టుకుంటే లేబుళ్లు బాగానే కనిపిస్తున్నాయి. ఒక్క మనిషిని వేస్తే చాలు, వారానికి రెండు రోజులు వచ్చి నేర్పుతాను. జీతం, బస్సు చార్జీలు ఏమీ వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత హెర్బేరియం అసిస్టెంట్
(పేరు ప్రచురించవద్దని మనవి)