వార్షిక నివేదిక: ఈసారి మన మోడరేటర్ల గురించి కాస్త వివరంగా

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గ సమావేశాలు అనుకున్న ప్రకారమే జరిగాయి. సభ్యత్వాల రెన్యువల్ ఎప్పట్లాగే నత్తనడకన మొదలై చివర్లో ఊపందుకుంది. ఆడిట్ అయిన జమాఖర్చులు విడిగా పంపుతున్నాం కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఏటా "మోడరేటర్లకు కృతజ్ఞతలు" అని ఒక్క ముక్కతో తేల్చేసే విషయానికే ఈసారి చోటు ఎక్కువ ఇస్తున్నాను.

మన ఆన్‌లైన్ చర్చలను కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఉద్యోగాలు, ఇళ్లు చూసుకుంటూ ఊరికే చేస్తున్నవాళ్లు. వాళ్ల పని బాగా సాగినన్నాళ్లూ అది ఎవరి కంటా పడదు. మన పోస్టు ఒకటి తీసేసినరోజే వాళ్లు గుర్తొస్తారు, అదీ తిట్టుకోవడానికి.

ఒక రాత్రి, మన పెద్దాయన ఒకరు పోయారంటూ సంతాప సందేశం వచ్చింది. ఆ పూట చూస్తున్న మోడరేటర్ దాన్ని ఆపి, ముందు వాళ్లింటికి ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తింది ఆ పెద్దాయనే! అదే పేరున్న మరొకరి గురించిన వార్త అది. ఆపకపోయి ఉంటే పది నిమిషాల్లో సంతాపాలు వరసకట్టేవి. పంపినవారు మాత్రం "నా మెసేజ్ ఎందుకు ఆపారు?" అని ముందు కోప్పడ్డారు. సంగతి తెలిశాక ఊరుకున్నారు. థాంక్స్ చెప్పినట్టు మాత్రం నాకు తెలియదు.

షుగర్ మాత్రలు మానేసి ఫలానా కషాయం తాగమనే ఫార్వర్డ్ కూడా అలాగే వచ్చింది. సభ్యుల్లోని ఒక డాక్టర్‌ని అడిగి మరీ తీసేశారు. "మంచికోసం పెడితే ఇదా మర్యాద?" అని అలకలు.

ఎన్నికల ముందు రోజులైతే చెప్పక్కర్లేదు. ఇద్దరు సభ్యులు ఒకరి మీద ఒకరు రాసుకున్నవి తీసేస్తే, అవతలివాళ్లది ముందు తీయలేదేమని ఇద్దరూ మోడరేటర్ మీదే పడ్డారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అర్ధరాత్రి దాటినా పర్సనల్ మెసేజ్‌లు ఆగలేదు. "నువ్వెవరివి నాకు చెప్పడానికి?" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది.

ఇది మన ఒక్కరి దగ్గరే కాదు. రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో జీతం లేని మోడరేటర్లు చేసే పనిని అమెరికా పరిశోధకులు 2022లో లెక్కగట్టారు. అందరిదీ కలిపి రోజుకు కనీసం 466 గంటలు, ఏడాదికి కనీసం 34 లక్షల డాలర్ల విలువైన పని అని తేలింది. జీతం తీసుకుని చేసేవాళ్లకూ ఇది తేలిక కాదు. చూడకూడనివి రోజంతా చూసి మనసు దెబ్బతిన్న మోడరేటర్లకు 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఫేస్‌బుక్ 2020లో ఒప్పుకుంది. మన గ్రూపులో అంత దారుణాలు ఉండవు. కానీ తెలిసినవాళ్ల చేత మాటలు పడటం ఇంకో రకం టెన్షన్. మర్నాడు మళ్లీ వాళ్ల మొహమే చూడాలి కదా.

అందుకే సర్వసభ్య సమావేశంలో సన్మానం చేద్దామన్నాం. వద్దన్నారు. "సన్మానం తర్వాత, ముందు మమ్మల్ని ఒంటరిగా వదిలేయకండి" అన్నది వాళ్ల మాట. అది న్యాయమేనని కార్యవర్గం ఒప్పుకుని ఈ నిర్ణయాలు చేసింది. పోస్టు తీసేస్తే ఆ కబురు ఇకమీదట సంఘం పేరుతో వెళ్తుంది, మోడరేటర్ పేరుతో కాదు. కారణం ఒక్క వాక్యంలో ఉంటుంది. అభ్యంతరం ఉంటే కార్యదర్శికి, అంటే నాకు, రాయాలి. మోడరేటర్‌కి అర్ధరాత్రి ఫోన్ చేస్తే అది ఫిర్యాదు కింద లెక్కకు రాదు. గొడవ పెద్దదైతే ఇద్దరు మోడరేటర్లు కలిసి చూస్తారు. ఎవరైనా కొన్నాళ్లు తప్పుకుంటామంటే కారణం అడగం.

గౌరవవేతనం ఇద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. దీని మీద నాకు కొంత భయం ఉంది. ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఒకప్పుడు చాట్ రూమ్‌లను వలంటీర్లతో నడిపింది. వాళ్లకు ఫ్రీ అకౌంట్ ఇచ్చి, షిఫ్టులు, రిపోర్టులు పెట్టింది. ఇది ఉద్యోగం కాకపోతే ఏమిటని 1999లో కొందరు కోర్టుకెళ్లారు. చివరికి 2010లో కోటిన్నర డాలర్లకు రాజీ కుదిరింది. వలంటీర్లడిగింది సబబే. చాకిరీ ఉద్యోగంలా చేయించుకుంటూ సేవ అని పేరు పెడితే కుదరదు. అందుకని మన దగ్గర వంతులు వాళ్లే వేసుకుంటారు, సంఘం హాజరుపట్టీ పెట్టదు. గౌరవవేతనం సంగతి సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి.

ప్రస్తుతం రాత్రి పూట చూసేవాళ్లు తక్కువగా ఉన్నారు. ఆసక్తి ఉన్నవాళ్లు సమావేశం లోపు పేరు ఇవ్వండి. మొదట్లో పాత మోడరేటర్ పక్కన ఉండి పని నేర్పుతారు. ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లు మాత్రం ఆ ఏడాదికి దీనికి దూరంగా ఉండాలి.

ఇట్లు,
కార్యదర్శి