మన గోల్‌కీపరు గోల్ గీత వదిలి ముందుకు రావాలా, వద్దా? – ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులకు బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు
శ్రీ కల్యాణ్ చౌబే గారికి,

నమస్కారం.

2022 సెప్టెంబరులో మీరు ఎన్నికైనప్పుడు పత్రికలన్నీ ఒకే మాట రాశాయి. 1937లో పుట్టిన సమాఖ్యకు ఇన్నేళ్లకు ఒక ఆటగాడు అధ్యక్షుడయ్యాడు అని. నాకు నచ్చిన సంగతి వేరే. ఆ ఆటగాడు గోల్‌కీపరు. టాటా అకాడమీలో తయారై, మోహన్ బగాన్‌కూ ఈస్ట్ బెంగాల్‌కూ గోల్ కాచిన మనిషి. నేనూ కాలేజీలో నాలుగేళ్లు గోల్ కాచాను. నా స్థాయి గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు గాని, మీకు ఉత్తరం రాసే చొరవ మాత్రం ఆ నాలుగేళ్లే ఇచ్చాయి. ముందు వరుసలో గోల్స్ కొట్టినవారికి ఈ గొడవ సగమే అర్థమవుతుంది.

గొడవ మీకు తెలియనిది కాదు. భారత జట్టుకు గోల్ కాచే గుర్‌ప్రీత్ సింగ్ సంధూ మంచి గోల్‌కీపరా, కాదా? జట్టు ఓడిన ప్రతి రాత్రీ ఈ ప్రశ్న లేస్తుంది, గెలిచిన రాత్రి పడుకుంటుంది. పదేళ్లుగా ఇదే తంతు. 2025 నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0–1తో ఓడినప్పుడూ లేచింది. ఒక పక్షం ఆయనను దేశం కన్న అత్యుత్తమ గోల్‌కీపరు అంటుంది. రెండో పక్షం ఆరున్నర అడుగుల ఎత్తే తప్ప మరేమీ లేదంటుంది. రెండు పక్షాల దగ్గరా సాక్ష్యాలున్నాయి. అదే విచిత్రం. నేను ఆ సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూశాను. చూస్తే తేలింది ఒకటుంది. అది చెప్పడానికే ఈ లేఖ.

ముందు నేను కళ్లారా చూసింది చెబుతాను. 2024 నవంబరు 18, హైదరాబాద్, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. మలేషియాతో స్నేహపూర్వక మ్యాచ్. పంతొమ్మిదో నిమిషంలో మలేషియా సగం నుంచి పొడవాటి బంతి ఒకటి పైకి లేచింది. ప్రమాదం ఏమీ కనిపించలేదు. గుర్‌ప్రీత్ గోల్ వదిలి పరుగెత్తుకుంటూ వచ్చాడు, పెనాల్టీ ఏరియా కూడా దాటాడు. గోల్ కాచినవాడికి అడుగుల లెక్క ఒంట్లో ఉంటుంది. నేను కుర్చీలోంచి లేచేసరికే ఆ లెక్క తప్పిందని కాళ్లకు తెలిసిపోయింది. బంతి ఆయనకు అందలేదు. పౌలో జొసుయే ముందుగా చేరుకుని, కాపలా లేని గోల్‌లోకి దొర్లించాడు. దొర్లించడమే, గట్టిగా కొట్టే పని కూడా లేకపోయింది. స్టేడియం మొత్తం ఒక క్షణం నోరు విప్పలేదు. నా వెనక వరుసలో ఒక పెద్దాయన మాత్రం, తిట్టినట్టు కాకుండా నిజంగా అడుగుతున్నట్టు, "ఎందుకొచ్చావయ్యా బయటికి?" అన్నాడు. రాహుల్ భేకే తలతో గోల్ కొట్టి మ్యాచ్‌ను 1–1 చేశాడు. అయినా ఆ ఏడాది మొత్తం మీద భారత జట్టుకు ఒక్క గెలుపు కూడా దక్కలేదు.

ఆ పెద్దాయన ప్రశ్నే నన్ను వెనక్కి తీసుకెళ్లింది.

2019 అక్టోబరు 15, కోల్‌కతా సాల్ట్ లేక్. బంగ్లాదేశ్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. నలభై రెండో నిమిషంలో జమాల్ భుయాన్ ఫ్రీకిక్ గాలిలో వంకరగా వచ్చింది. గుర్‌ప్రీత్ దాని కోసం ముందుకు కదిలాడు. బంతి చేతులకు దొరకలేదు. వెనకనున్న సాద్ ఉద్దీన్ తలతో నెట్టాడు. 2024 జనవరి 13, ఖతార్‌లోని అల్ రయ్యాన్, ఆసియా కప్, ఆస్ట్రేలియాతో. మొదటి సగమంతా మనవాళ్లు పళ్లబిగువున ఆపారు. యాభయ్యో నిమిషంలో మార్టిన్ బాయిల్ కుడివైపు నుంచి క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు లేపే బంతి) వేశాడు. గుర్‌ప్రీత్ వెళ్లి చేయి తగిలించాడు గాని బంతి దూరం పోలేదు, నేరుగా జాక్సన్ ఇర్విన్ కాళ్ల దగ్గర పడింది. కోల్‌కతా, అల్ రయ్యాన్, గచ్చిబౌలి: విమర్శకులు వేలెత్తి చూపే మూడు రాత్రులివి. మూడింట్లోనూ తప్పు ఒక్కటే. గీత వదిలి వచ్చాడు, బంతిని గెలుచుకోలేకపోయాడు. గోల్ దగ్గరా లేక, బంతి దగ్గరా లేక, రెంటికీ చెడ్డ రేవడి.

ఇప్పుడు అభిమానుల సాక్ష్యాలు. 2019 సెప్టెంబరు 10, దోహా. అప్పటికి ఆసియా విజేత ఖతార్. కెప్టెన్ సునీల్ ఛెత్రీ అనారోగ్యంతో లేడు, ఆ రాత్రికి గుర్‌ప్రీతే కెప్టెన్. ఖతార్ వాళ్లు పాతికకు పైగా షాట్లు కొట్టారు. 0–0. ఆ రాత్రి ఆయన చేతులకు తగలకుండా దాటిన బంతి లేదు. 2023 జులై, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో దక్షిణాసియా పోటీ. సెమీఫైనల్‌లో లెబనాన్ మీదా, ఫైనల్‌లో కువైట్ మీదా పెనాల్టీల దాకా వెళ్లి గెలిచాం. కువైట్ చివరి పెనాల్టీని ఆయన ఆపినప్పుడు స్కోరు 5–4. 2025 ఆగస్టులో మధ్య ఆసియా నేషన్స్ కప్‌లో, తజికిస్థాన్‌లోని హిసార్‌లో ఆతిథ్య జట్టు మీద 2–1తో గెలిచిన మ్యాచ్‌లోనూ ఒక పెనాల్టీ ఆపాడు. అదే పోటీలో ఒమన్‌పై మూడో స్థానం తేలిందీ పెనాల్టీలలోనే.

పెనాల్టీ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. పదకొండు మీటర్ల దూరం, ఏడు మీటర్ల పైచిలుకు వెడల్పు, పాదం గీత మీద ఉండి తీరాలి. బయటికి రావాలా వద్దా అని నిర్ణయించుకునే బాధే లేదు. దోహాలోనూ అంతే. జట్టంతా పెనాల్టీ ఏరియాలోకి కుదించుకుపోయింది కాబట్టి ఆయన గోల్ ముందు నిలబడి తనకు బాగా తెలిసిన పని చేశాడు. గీత మీద ఆయనకు ఆసియాలో ఎక్కడైనా చోటుంది. గీత వదిలి అయిదడుగులు వేస్తే తడబడతాడు. ఇది నా తీర్పు. రెండు పక్షాలూ నన్ను తిట్టవచ్చు.

ఒకటి మాత్రం ఆయన ఖాతాలో రాయకండి. 2024 జూన్ 11న దోహాలో ఖతార్ మొదటి గోల్. ఆయన ఆపిన బంతి గీత దాటి బయటికి పోయింది. దాన్ని కాలితో వెనక్కి లాగి గోల్ కొట్టారు. వీడియో సమీక్ష లేని దశ అది. "విజిల్ వినపడేదాకా ఆడాలి కదా" అని అప్పుడు నీతులు చెప్పినవారు నేల మీద పడి ఉండి, కళ్ల ముందు బంతి బయటికి పోవడం చూసి, మళ్లీ లేచి ఎగరడం ఎలాగో ఒకసారి చేసి చూపించాలి.

ఇక్కడితో ఆగితే ఇది ఒక మనిషి గుణదోషాల పట్టిక. అలా అయితే ఉత్తరం ఆయనకే రాసేవాణ్ని. మీకు రాయడానికి కారణం ఆయన తర్వాతి మనిషి.

2025 మార్చిలో అప్పటి కోచ్ మనోలో మార్కెజ్ విశాల్ కైత్‌ను గోల్‌లో నిలబెట్టాడు. సబబే. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపరు బహుమతి కైత్ 2022–23లోనూ, 2024–25లోనూ అందుకున్నాడు. మరి ఏమైంది? షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో మ్యాచ్ మొదలైన తొలి నిమిషంలోనే బంతిని కాలితో ఇవ్వబోయి నేరుగా ప్రత్యర్థికి ఇచ్చాడు. వాళ్ల గురి తప్పబట్టి బతికాం. 0–0. జూన్ 10న హాంకాంగ్‌లో తొంభై నిమిషాల తర్వాత కలిపిన సమయం నడుస్తుండగా గాలిలో వచ్చిన బంతిని గుద్దడానికి బయటికొచ్చాడు. బంతికి బదులు మనిషికి తగిలింది. పెనాల్టీ. 0–1.

చూశారా అధ్యక్షా? మనిషి మారాడు, తప్పు మారలేదు. ఒకే తప్పు ఇద్దరు చేస్తే అది వాళ్ల స్వభావం కాదు, వాళ్లు నేర్చుకున్న చదువు. లేదా నేర్చుకోని చదువు.

ఈ చదువు ఎప్పుడు మారిందో గుర్తు చేసుకుందాం. డిఫెండర్ కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపరు చేత్తో పట్టుకోకూడదన్న నిబంధన 1992లో వచ్చింది. సరిగ్గా గుర్‌ప్రీత్ పుట్టిన ఏడాది! ఆయన తరం మొత్తం ఆ నిబంధన కిందే పెరిగింది. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపరు అనిపించుకున్నాడు, 1962లో జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2–1తో స్వర్ణం గెలిచిన రోజు మన గోల్ కాచాడు. ఆయనకు ఈ తలనొప్పి లేదు. వెనక్కి వచ్చిన బంతిని ఒడిసి పట్టి, ఊపిరి పీల్చుకుని, దూరంగా తన్నవచ్చు. అందుకే నేటి గోల్‌కీపరును తంగరాజ్‌తో పోల్చి చప్పరించే పెద్దలను చూస్తే నాకు నవ్వొస్తుంది. అది వేరే ఉద్యోగం. నేటి గోల్‌కీపరు సగం డిఫెండరు. డిఫెన్స్ ముందుకు జరిగితే వెనక మిగిలిన ముప్పై మీటర్ల ఖాళీ అతనిదే. ఆ ఖాళీని ఎలా చదవాలో పన్నెండేళ్లప్పుడు ఒంటబట్టాలి. ముప్పై ఏళ్లు దాటాక ఒక కోచ్ వచ్చి "నువ్వు ముందుకు రా" అంటే, కాళ్లు ముందుకొస్తాయి గాని మనసు గీత దగ్గరే ఉండిపోతుంది. గచ్చిబౌలిలో నేను చూసింది అదేనని నా నమ్మకం.

పైగా ఒకే మాట చెప్పే కోచ్ కూడా లేడు. 2024 జూన్ దాకా స్టిమాచ్, ఆ తర్వాత ఏడాది పాటు మార్కెజ్, 2025 ఆగస్టు నుంచి ఖాలిద్ జమీల్. ఒకరికి ఆట గోల్‌కీపరు కాలి నుంచి మొదలుకావాలి. మరొకరికి ముందు తలుపు గట్టిగా బిగించాలి. ఇద్దరిదీ తప్పనను. కానీ గోల్‌కీపరు ఎక్కడ నిలబడాలన్నది కోచ్ మారినప్పుడల్లా పది మీటర్లు ముందుకో వెనక్కో జరుగుతుంటే, ఆ పది మీటర్లలోనే గోల్స్ పడతాయి.

"మన లీగ్‌లో మనవాళ్లకు ఆడే అవకాశమే లేదు" అని స్ట్రైకర్ల విషయంలో చెప్పే సాకు ఇక్కడ చెల్లదు. ఆ చోట్లను విదేశీయులు తీసుకుంటారు, నిజమే. గోల్‌కీపర్ల సంగతి వేరు. తొలి సీజన్లలో డేవిడ్ జేమ్స్ వంటి విదేశీయులు గోల్ కాచినా, కొన్నేళ్లుగా క్లబ్బులు దాదాపు అన్నీ ఆ చోటు మనవాళ్లకే ఇస్తున్నాయి. దేశంలో మ్యాచ్‌లు పుష్కలంగా దొరికే చోటు ఏదైనా ఉంటే అదే. (2025–26 లీగ్ నెలల తరబడి మొదలే కాకపోవడం వేరే కథ, ఆ కథ మీకు నాకంటే బాగా తెలుసు.) అంటే కొరత మ్యాచ్‌లది కాదు. మ్యాచ్ అయ్యాక ఎవరు ఏం నేర్పుతున్నారన్నదే ప్రశ్న. 2017 పదిహేడేళ్లలోపు ప్రపంచకప్‌లో ధీరజ్ సింగ్‌ను చూసి దేశమంతా మురిసింది. 2021 ఆసియా చాంపియన్స్ లీగ్‌లో గోవా క్లబ్బు తరఫున అల్ రయ్యాన్, అల్ వహ్దా క్లబ్బులను 0–0 దగ్గర ఆపిన జట్టులో గోల్ కాచిందీ అతనే. సీనియర్ జట్టులో మాత్రం స్థిరపడలేదు. ఏ లోపం చూశారో, దాన్ని దిద్దడానికి ఏం చేశారో ఎక్కడైనా రాసి ఉందా?

రాసి ఉండాలి. నేను అడిగే మొదటిది అదే. జాతీయ శిబిరానికి వచ్చే ప్రతి గోల్‌కీపరుకూ ఒక పుస్తకం పెట్టించండి. ఎన్ని క్రాస్‌లకు బయటికొచ్చాడు, ఎన్ని పట్టాడు, ఎన్ని వదిలాడు, రావలసినప్పుడు రానివి ఎన్ని. చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే రాని గోల్‌కీపరును ఎవరూ తిట్టరు. తలతో కొట్టిన గోల్ డిఫెండరు ఖాతాలోకి పోతుంది. క్లీన్‌షీట్ల (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌ల) లెక్కతో బహుమతులిచ్చే అలవాటు మనల్ని చెడగొట్టింది. దోహాలో పాతిక షాట్ల నడుమ దక్కినదీ క్లీన్‌షీటే, గుమ్మం ముందుకు బంతే రాని సాయంత్రం దక్కినదీ క్లీన్‌షీటే. ఎదుర్కొన్న షాట్లలో సగటు గోల్‌కీపరు ఎన్ని వదిలేవాడో లెక్కగట్టి పోల్చే పద్ధతులు ప్రపంచమంతా వాడుతోంది. మన అంకెలను బయట పెట్టండి. అప్పుడు నాలాంటివాళ్లు జ్ఞాపకం మీద ఆధారపడి వాదించుకోవడం తగ్గుతుంది. తగ్గితే నాకు కాస్త వెలితే, అయినా సరే.

రెండోది, కోచ్ ఎవరైనా గోల్‌కీపింగ్ శిక్షకుడు ఒక్కడే, పదేళ్లు. పదమూడేళ్లలోపు జట్టు నుంచి సీనియర్ జట్టు దాకా ఒకే భాష మాట్లాడేవాడు. ప్రధాన కోచ్ సామానుతో పాటు వచ్చి, ఆ సామానుతో పాటే వెళ్లిపోయేవాడు కాకూడదు.

మూడోది మిమ్మల్నే అడుగుతున్నాను, అధ్యక్ష పదవిని కాదు. మీ జట్టులో ఎవరైనా మీకు చిన్నప్పుడు క్రాస్ పట్టడం నేర్పే ఉంటారు. ఒక మోకాలు పైకెత్తి, నుదుటికి ముందు, చేతులు చాచిన చోట బంతిని అందుకోవడం. ముందు గొంతెత్తి "నాది" అని అరవడం. పిల్లల శిబిరాలు నడిచేటప్పుడు చెప్పాపెట్టకుండా ఒక ఉదయం వెళ్లండి. గోల్‌కీపర్లను ఒక మూలకు తీసుకెళ్లి గోడకు బంతులు కొట్టిస్తున్నారో, నలుగురు ఎదుటివాళ్లు తోసుకుంటూ ఉండగా నడిమధ్య క్రాస్‌లు పట్టిస్తున్నారో చూడండి. గోడ ఎవరినీ తోయదు. సాద్ ఉద్దీన్ తోశాడో లేదో గాని, వెనక నిలబడ్డాడు.

గుర్‌ప్రీత్‌కు ఇప్పుడు ముప్పై దాటి ఏళ్లు గడిచాయి. నార్వేకు వెళ్లి స్టాబెక్ క్లబ్బుకు ఆడి, యూరోపా లీగ్ అర్హత పోటీలో బరిలోకి దిగిన మనిషిని, పదేళ్లకు పైగా దేశం గోల్ కాచిన మనిషిని పెనాల్టీ ఆపిన రోజు భుజాన మోసి, క్రాస్ వదిలిన రోజు నేలకేసి కొట్టడం నాకు సిగ్గుగా ఉంది. ఆయన తర్వాతి వాడు ఎక్కడో ఒక మైదానంలో ఈపాటికే గోల్ ముందు నిలబడి ఉంటాడు. అతనికి ఎవరైనా ముందుకు రమ్మని చెప్పారా, వస్తే ఎంత దూరమో చెప్పారా అన్నది మీరు కనుక్కుని, వీలైతే బదులు రాయండి.

ఇట్లు,
గోల్ వెనక సీటులోనే టికెట్టు కొనే ఒక పాత గోల్‌కీపరు