మీటరు చూపితే చాలదు, యూనిట్ ఆగాలి

సంపాదకులకు,

శ్రీశైలానికి వరద వస్తే ఎన్ని గేట్లు ఎత్తారో, నీటిమట్టం 885 అడుగులకు ఎంత దిగువన ఉందో పత్రికలు గంటగంటకూ చెబుతాయి. కింద తిరిగే టర్బైన్ షాఫ్ట్ (ఇరుసు) ఎన్ని మైక్రాన్లు ఊగుతోందో ఎవరూ అడగరు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

2009 ఆగస్టు 17న రష్యాలోని సయానో-షుషెన్‌స్కయా జలవిద్యుత్ కేంద్రంలో 75 మంది చనిపోయారు. గ్రిడ్ అవసరం కోసం లోడు పెంచుతూ తగ్గిస్తూ నడుపుతున్న రెండో యూనిట్‌లో (ఒక టర్బైన్, దాని జనరేటర్ కలిస్తే ఒక యూనిట్) టర్బైన్ బేరింగు కంపనం 840 మైక్రాన్లకు చేరింది. పరిమితి 160. చివరికి టర్బైన్ కవర్‌ను బిగించి ఉంచే స్టడ్లు (పెద్ద బోల్టులు) తెగి, కవర్ లేచిపోయి నీరు హాల్లోకి ఎగదన్నింది. దొరికిన 49 స్టడ్లలో 41కి లోహపు అలసట వల్ల వచ్చిన పగుళ్లున్నాయి. రీడింగు ఉంది, యూనిట్‌ను ఆపినవారే లేరు.

ఫ్రాన్సిస్ రకం జల టర్బైన్ నిండు లోడు దగ్గర నిమ్మళంగా తిరుగుతుంది. గొడవంతా సగం లోడు దగ్గరే. రన్నర్ (నీటి తాకిడికి తిరిగే చక్రం) కింద, నీరు బయటికి పోయే డ్రాఫ్ట్ ట్యూబులో నీరు తాడులా మెలిదిరిగి, షాఫ్ట్ వేగంలో సుమారు మూడో నాలుగో వంతు వేగంతో కొడుతుంది. నిమిషానికి 150 చుట్లు తిరిగే యంత్రంలో అది సెకనుకు ఒక్క దెబ్బ కూడా కాదు. పంపులకు బిగించే మామూలు యాక్సిలరోమీటరు (కంపనాన్ని కొలిచే సెన్సరు) ఇంత నెమ్మది ఊపును సరిగా పట్టలేదు. షాఫ్ట్‌ను పక్కకు ఊగకుండా పట్టే ప్రతి గైడ్ బేరింగు దగ్గరా 90 డిగ్రీల ఎడంలో, షాఫ్ట్ ఎంత జరిగిందో తాకకుండా కొలిచే ప్రాక్సిమిటీ ప్రోబులు రెండు, డ్రాఫ్ట్ ట్యూబులో ప్రెషర్ సెన్సరు ఉండాలి. తప్పు జనరేటర్‌దా అని తేల్చాలంటే ముందు ఎక్సైటేషన్ (రోటర్‌ను అయస్కాంతంగా మార్చే కరెంటు) లేకుండా తిప్పి, తర్వాత ఇచ్చి చూడాలి. ఇవ్వగానే ఊపు పెరిగితే ఎయిర్‌గ్యాప్ (జనరేటర్‌లో తిరిగే రోటర్‌కూ కదలని స్టేటర్‌కూ మధ్య ఖాళీ) సమంగా లేదేమోనని అనుమానించాలి.

ప్రోబు చెడితే యూనిట్ ఊరికే ఆగిపోతుందన్న భయంతో ట్రిప్‌ను (యూనిట్‌ను దానంతటదే ఆపే ఏర్పాటును) బైపాస్ చేసే అలవాటు అసలు ప్రమాదం. రెండు ప్రోబులూ ఒకే మాట చెప్పి, అది కొన్ని సెకన్లు నిలిస్తేనే ట్రిప్ అయ్యేలా పెడితే ఆ సాకు ఉండదు. స్టార్టింగులో క్షణకాలం వచ్చే ఊపుకూ యూనిట్ ఆగదు.

నాగార్జునసాగర్ తొలి యూనిట్ 1978 నాటిది. ఇంత పాత కేంద్రాల్లో వార్షిక ఓవర్‌హాల్ జరిగినప్పుడల్లా కవర్ స్టడ్లను అల్ట్రాసోనిక్ పరీక్షకు పెట్టాలి. సుత్తితో కొట్టి చూస్తే నట్టు వదులైందో లేదో తెలుస్తుందేమో గానీ లోపలి పగులు తెలియదు.

రెండు రాష్ట్రాల జెన్‌కోలు యూనిట్‌వారీగా నెలనెలా ఈ కంపనం రీడింగులను వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏ లోడు, ఏ నీటిమట్టం దగ్గర తీశారో పక్కనే రాయాలి. అవి లేకుండా ఈ నెల అంకెను పోయిన నెల అంకెతో పోల్చలేం.

– కొందరు విశ్రాంత విద్యుత్ ఇంజినీర్లు, నల్గొండ