స్కూటర్ ఇంజన్ బోరు కొట్టించే ముందు పెట్రోలు దారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఏ ఊళ్లో చూసినా పాత చేతక్‌లు, ఎల్ఎంఎల్ వెస్పా స్కూటర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. నాన్నగారి బండి అని అపురూపంగా ఉంచుకున్నవాళ్లు కొందరైతే, పాల క్యాన్లూ కూరగాయల బస్తాలూ వేసుకుని రోజూ దాని మీదే బతుకు వెళ్లదీసేవాళ్లు ఇంకొందరు. ఈ మధ్య వీళ్లందరి నోటా ఒకటే మాట వింటున్నాను. బండి లాగడం లేదు, పికప్ పడిపోయింది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరు వేయాల్సి వస్తోంది అని. షాపుకి తీసుకెళ్తే రెండు కిక్కులు కొట్టి చూసి, బోరు పోయింది, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ అరిగిపోయింది, ఇంజన్ దింపాలి అనేస్తున్నారు. వేలకు వేలు పోసి బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేయించుకున్నాక కూడా కొద్ది రోజులకే మళ్లీ అదే తంతు. చాలా బండ్లలో జబ్బు ఉన్నది ట్యాంకుకీ, పెట్రోలులో గాలి కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్‌కీ మధ్య, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. చూసి చూసి కడుపు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బోరు ఊరికే కొట్టించుకునే పని కాదండీ. సిలిండర్‌ని ప్రతిసారీ కాస్త అరగదీసి పెద్ద పిస్టన్ వేస్తారు, ఆ ఓవర్‌సైజు పిస్టన్లు కొన్ని సైజుల వరకే దొరుకుతాయి, ఆ తర్వాత సిలిండరే మార్చాలి. పెట్రోలులోనే ఆయిలు కలిపి నడిపే టూ స్ట్రోకు చేతక్ తయారీ ఆగిపోయి ఇన్నేళ్లయ్యాక మంచి సిలిండర్ దొరకడం ఎంత కష్టమో పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరిగినవాళ్లకి తెలుసు.

కాబట్టి ముందు చూడాల్సింది ట్యాంకు మూత. దానికి గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే పెట్రోలు దిగిన కొద్దీ లోపలికి గాలి చేరక ధార ఆగిపోతుంది. బండి కొంత దూరం బాగానే వెళ్లి మెల్లగా దమ్ము తగ్గి ఆగుతుంది, కాసేపు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఆగిన వెంటనే మూత తిప్పితే బుస్సుమని గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చిందా, గుండుసూదితో పోయే జబ్బు అది.

తర్వాత పైపు. కార్బొరేటర్ దగ్గర దాన్ని ఊడదీసి గాజు సీసాలోకి పెట్టి ట్యాపు తిప్పండి, ఇంజన్ చల్లారాకే, దగ్గర్లో బీడీ సిగరెట్టు లేకుండా. ధార తెగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తుంటే ట్యాపుకి ఉండే జల్లెడ తుప్పుతో మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ట్యాపు లోపలి నాలుగు చిల్లుల రబ్బరు వాషరు ఉబ్బి ఉండొచ్చు. మా బాబాయి గారి బండిలో ఆ వాషరు విప్పితే రబ్బరు జిగురు జిగురుగా వేలికి అంటుకుంది, చిల్లులు ఆవగింజంత మిగిలాయి. అప్పటికే ఒక షాపులో ఆయన బండి ఇంజన్ దింపడానికి రోజు కూడా ఖాయం చేసేశారు. వాషరు మార్చాక బండి పికప్ అంతా తిరిగొచ్చింది, ఇంజన్ జోలికే వెళ్లలేదు. అలాగే ట్యాంకు దింపి ఎక్కించిన బండిలో పైపు మరీ పొడుగుంటే మడత పడుతుంది, అది కూడా చూసుకోవాలి.

ఇంకో మంచి పరీక్ష చోకు, అంటే ఇంజన్‌కి వెళ్లే పెట్రోలు పాలు పెంచే పిడి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఫుల్ ఎక్సలేటర్‌లో లాగనప్పుడు చోకు కాస్త లాగి చూడండి. బండి పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదని, లేదా అతుకుల మధ్య ప్యాకింగ్ దగ్గరో క్రాంకు (ఇంజన్ ఇరుసు) ఆయిల్ సీలు దగ్గరో బయటి గాలి పీలుస్తోందని అర్థం. ఇంకా దిగజారితే పెట్రోలు ఎక్కువవుతోంది, లేకపోతే సైలెన్సర్ మసితో పూడింది. స్పార్క్ ప్లగ్ కూడా ఇదే కథ చెబుతుంది, కాఫీపొడి రంగు ఉంటే సరిగా ఉన్నట్టు, తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువ, నల్లగా తడిగా ఉంటే ఎక్కువ. తెల్లపొగ దట్టంగా వస్తూ గేరాయిలు తరిగిపోతుంటే మాత్రం క్లచ్ వైపు సీలు పోయినట్టే, అప్పుడు ఇంజన్ దింపాలి అన్న మెకానిక్‌ని అనుమానించొద్దు.

కార్బొరేటర్ విప్పగానే, పెట్రోలుని కొలతగా వదిలే చిల్లు ఉన్న జెట్టులో తీగ పెట్టి పొడవడం మన దగ్గర ఒక అలవాటు. జెట్టు మీద 100 అని ఉంటే రంధ్రం 1.00 మిల్లీమీటరు, 102 అంటే 1.02. అంత లెక్కగా చేసినదాన్ని గీకాక ఆ అంకెకి ఇక విలువ ఉండదు. పెట్రోలుతో కడిగి గాలి కొట్టండి, చాలు.

ఇదంతా ఇప్పుడే ఇంత ఎక్కువవడానికి నా ఉద్దేశంలో పెద్ద కారణం పెట్రోలే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి రావడం మొదలై 2025కల్లా దేశమంతా పరుచుకుంది. రైతుకి నాలుగు డబ్బులు వస్తుంటే ఇథనాల్ వద్దని నేను అనను. కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే, పైగా అది మండడానికి కావాల్సిన గాలి కూడా తక్కువ, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. కొత్త బండ్లలో కంప్యూటరు ఆ సంగతి చూసుకుంటుంది. చేతక్ జెట్టు పాత పెట్రోలుకి లెక్కగట్టిన రంధ్రం లోంచి ఎప్పటిలాగే పోస్తుంది, దాంతో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో ఇంధనం పాలు చాలక పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. 10 శాతానికి ట్యూన్ చేసిన ద్విచక్ర వాహనాల్లోనే మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది, మనవి అంతకంటే ముందు తరం బండ్లు.

నాకు మైలేజీ కంటే పెద్ద భయం ఇంకొకటుంది. టూ స్ట్రోకులో పిస్టన్‌నీ క్రాంకు బేరింగులనీ కాపాడేది లీటరుకి 20 మిల్లీలీటర్లు కలిపే 2టి ఆయిలే. పెట్రోలు సగం అందితే ఆయిలూ సగమే అందుతుంది. ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది, వాన నీరు మూత లోంచి దిగినా బంకు ట్యాంకులో చేరినా కొంతవరకు కలిసిపోయి కనబడదు, హద్దు దాటగానే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి. ఆయిలేమో పైన పెట్రోలులో ఉండిపోతుంది. రిజర్వులో పెడితే ఇంజన్ లాగేది ఆ అడుగు పొరనే. మొన్న వానల తర్వాత మా వీధిలో మిస్ కొడుతున్న ఒక బండి పెట్రోలు సీసాలోకి పట్టి అరుగు మీద పెట్టాం. పైన నీలంగా ఆయిలు కలిసిన పెట్రోలు, కింద రెండు వేళ్ల మందాన నీళ్లలాంటిది, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా తేలింది. ఆ కిందిదాంతో నడిపితే పిస్టన్ పట్టేసి అప్పుడు నిజంగానే బోరుకొస్తుంది.

ఇది విని భయపడి కొందరు ఆయిలు 40, 50 మిల్లీలీటర్లు పోస్తున్నారు. ఆయిలు పెరిగిన మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం ఇంకా పలచబడుతుంది, మసి పెరుగుతుంది. 20 చాలు. జెట్టు ఒకటి రెండు నంబర్లు పెద్దది వేసి ప్లగ్ రంగు చూసుకోండి, పైపు, వాషర్లు ఇథనాల్‌కి తట్టుకునే విటాన్ రబ్బరు‌వి అడగండి, నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు నిల్వ ఉంచకండి.

మీ పత్రిక ద్వారా ఆయిల్ కంపెనీలని రెండు విషయాలు అడుగుతున్నాను. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ సంగతి అలా ఉంచండి. పోసేదాంట్లో ఎంత శాతం కలిపారో ప్రతి పంపు మీదా తెలుగులో, పెద్ద అంకెల్లో రాయండి, మా వైపు చాలా పంపుల మీద అది కనబడటం లేదు. వానాకాలంలో భూమిలోని ట్యాంకులకి నీటి పరీక్ష ఏ రోజు చేశారో, ఏం తేలిందో రేట్ల బోర్డు పక్కనే రాసిపెట్టండి.

ఇట్లు,
ఒక పాత చేతక్ యజమాని,
తెనాలి