ప్రధాని విమానం ఎక్కకముందే తేలాల్సిన సంగతులు

సంపాదకులు గారికి,

ప్రధానమంత్రి పొరుగు దేశాల పర్యటనకు వెళ్తున్నారనగానే మన పత్రికల్లో, టీవీల్లో వచ్చే వార్తలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. విమానాశ్రయంలో ఎవరు స్వాగతం పలుకుతారు, ఎన్ని అవగాహన ఒప్పందాలు కుదురుతాయి, విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అన్నవే పతాక శీర్షికలవుతాయి. పర్యటన ముగిసిన మర్నాడు ఒప్పందాల లెక్క చెప్పి ఊరుకుంటాం. ఆ నాలుగు రోజుల వెనక నెలల తరబడి సాగే సన్నాహాల గురించి, వాటిలో పదేపదే వెనకబడిపోతున్న ఒక భాగం గురించి చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. పరాయి రాజధానిలో చేసే ఏర్పాట్ల విషయంలో మన విదేశాంగ శాఖకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ ఒప్పందాల బరువు మోయాల్సిన సరిహద్దు రాష్ట్రాలతో ముందుగా కూర్చుని మాట్లాడడంలోనే లోపమంతా ఉందని చాలాకాలం రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పినవాడిగా నా అభిప్రాయం.

తేదీలు ఖాయమైన తర్వాత విదేశాంగ శాఖలోని ప్రోటోకాల్ విభాగం, ప్రధాని భద్రత చూసే ఎస్‌పీజీ కలిసి ముందస్తు బృందాన్ని ఆ దేశానికి పంపుతాయి. కాన్వాయ్ ఏ గేటు నుంచి రావాలి, సైనిక వందనం స్వీకరించేటప్పుడు నాయకుడు ఎక్కడ నిలబడాలి, ఎవరి జాతీయ గీతం ముందు వినిపించాలి, దుభాషి కుర్చీ ఎక్కడ వేయాలి వంటివన్నీ ఆ బృందం స్వయంగా నడిచి చూసి, నిమిషాల లెక్కన కార్యక్రమం రాసుకుంటుంది. ఒప్పందాల ప్రతుల దగ్గరా అంతే పట్టింపు. రెండు మూల ప్రతులు తయారుచేస్తారు. మన దగ్గర ఉండిపోయే ప్రతిలో మన దేశం పేరు ముందు వస్తుంది, అవతలివారి ప్రతిలో వారి పేరు ముందుంటుంది, సంతకాల వరసా అలాగే తారుమారవుతుంది. ఎవరూ ఎవరికీ తీసిపోలేదని చూపేందుకు యూరప్ రాజ్యాలు శతాబ్దాల కిందట పెట్టుకున్న ఈ ఆనవాయితీని నేటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

అసలు శ్రమ సంయుక్త ప్రకటన ముసాయిదా దగ్గర ఉంటుంది. అంగీకారం కుదరని మాటలను బ్రాకెట్లలో ఉంచి, రెండు పక్షాల అధికారులు పలు దఫాలు కూర్చుని ఒక్కో బ్రాకెట్టునూ తొలగించుకుంటూ వస్తారు. నాయకులు ఎదురెదురుగా కూర్చునే వేళకు ఒకటో రెండో మాత్రమే మిగలాలన్నది ఈ వృత్తిలో ఉన్నవారి సూత్రం. ఆ పని చేయకుండా జరిపిన భేటీ ఏమవుతుందో 2001 జులైలో ఆగ్రాలో చూశాం. ముందుగా ఒప్పుకొన్న ముసాయిదా ఏదీ లేకుండానే పాక్ అధ్యక్షుడు ముషారఫ్, మన ప్రధాని వాజ్‌పేయీ చర్చలకు కూర్చున్నారు. మూడో రోజు ఉదయం మన సంపాదకులతో ముషారఫ్ జరిపిన అల్పాహార గోష్ఠి టీవీల్లో ప్రసారమై, గది లోపల జరగాల్సిన బేరసారాలు కాస్తా దేశం ముందు వాదనలుగా మారాయి. విదేశాంగ మంత్రులు కిందా మీదా పడి మాటలు మార్చినా ప్రకటన వెలువడలేదు. అజ్మీర్ దర్గాకు వెళ్లాల్సిన అతిథి ఆ కార్యక్రమం మానుకుని అర్ధరాత్రి వేళ తిరుగు విమానమెక్కారు.

అవతలి ఇంట్లో ఏకాభిప్రాయం ఉందో లేదో చూసుకోకపోయినా ముప్పే. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందంపై సంతకాలు చేసిన రోజున ఆ నగరం కర్ఫ్యూలో ఉంది, శ్రీలంక ప్రధాని ప్రేమదాసే ఒప్పందాన్ని వ్యతిరేకించారు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తుండగా ఒక నావికుడు తుపాకీ మడమతో రాజీవ్‌పై దాడి చేశాడు. ఆ ఒప్పందం ప్రకారం వెళ్లిన శాంతి పరిరక్షక దళంలో దాదాపు 1,200 మంది సైనికులు తిరిగి రాలేదు. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయీ లాహోర్ బస్సు యాత్రకు అధికారుల స్థాయి కసరత్తు బాగానే జరిగింది. పాక్ సైన్యం మాత్రం అదే కాలంలో కార్గిల్ చొరబాటుకు పావులు కదిపింది. అయితే అవతలి ఇల్లు మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్న దాని సంగతి చూద్దాం.

2011 సెప్టెంబరు 6న మన్మోహన్ సింగ్ ఢాకా చేరేనాటికి తీస్తా జలాల పంపిణీ ఒప్పందం సంతకానికి సిద్ధంగా ఉందనే అందరూ అనుకున్నారు. తీస్తా సిక్కింలో పుట్టి ఉత్తర బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్‌లోకి వెళ్తుంది. వేసవిలో ఆ నదిలో నీళ్లే తక్కువ, పంచుకోవాల్సిన పొలాలు రెండు వైపులా ఎక్కువ. 1983లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటులో మనకు 39 శాతం, బంగ్లాదేశ్‌కు 36 శాతం అనుకుని, మిగిలిన 25 శాతం సంగతి తర్వాత చూద్దామని వదిలేశారు. ఆ వదిలేసినదాన్ని తేల్చే పర్యటన ఇది. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం ముఖ్యమంత్రులు ప్రధాని వెంట వెళ్లారు. నది ఏ రాష్ట్రం గుండా పారుతుందో ఆ పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మాత్రం చివరి క్షణంలో తప్పుకున్నారు. తనకు చూపించిన ముసాయిదా వేరు, చివరికి సిద్ధమైంది వేరు అన్నది ఆమె ఫిర్యాదు. తీస్తా సంతకం ఆగింది. మన ఈశాన్య రాష్ట్రాలకు సరకు చేరవేసేందుకు చిట్టగాంగ్, మోంగ్లా రేవులను వాడుకునే విషయంలో అనుకున్న పత్రాన్ని ఢాకా కూడా వెనక్కి పెట్టుకుంది. ఏ గేటు నుంచి కాన్వాయ్ రావాలో నెల ముందే తేల్చుకున్న ప్రభుత్వం, ఎన్ని నీళ్లు వదలాలో సొంత ముఖ్యమంత్రితో తేల్చుకోకుండానే బయల్దేరింది. తీస్తా ఒప్పందం ఆ తర్వాత ఎన్ని పర్యటనలు జరిగినా కుదరలేదు.

ఇది చేతకాని పనేమీ కాదు. 1996 డిసెంబరు 12న ఢిల్లీలో ప్రధాని దేవెగౌడ, బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా గంగా జలాల ఒప్పందంపై సంతకాలు చేయడానికి ముందు బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు స్వయంగా ఢాకా వెళ్లి మాట్లాడి వచ్చారు. గంగ మీద బెంగాల్‌లో ఉన్న ఫరక్కా బ్యారేజీ దగ్గర నీరు తగ్గితే కోల్‌కతా రేవులో పూడిక పేరుకుంటుందన్న భయం ఆయన రాష్ట్రానిదే కాబట్టి, ఆ భయానికి ఒప్పందంలో జవాబు ఉండేలా ముందే చూసుకోగలిగారు. జనవరి నుంచి మే నెలాఖరు వరకు పది రోజులకోసారి ప్రవాహాన్ని లెక్కగట్టాలి. అది 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువైతే చెరి సగం. 75 వేలు, అంతకు మించితే మనం 40 వేలు తీసుకుని మిగిలినది వారికి వదలాలి. ఇంత స్పష్టమైన లెక్క రాజధానిలో కూర్చున్న అధికారుల కాగితాల మీద మాత్రమే తేలేది కాదు.

సరిహద్దు భూముల ఒప్పందం కథ ఇంకా పాతది. 1958లో నెహ్రూ, పాక్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ కలిసి జల్పాయిగురి జిల్లాలోని బేరుబారి యూనియన్‌ను చెరి సగం చేసుకోవాలని ఒప్పుకొన్నారు. బెంగాల్ భగ్గుమంది. రాష్ట్రపతి అభిప్రాయం కోరగా, రాజ్యాంగాన్ని సవరించకుండా దేశ భూభాగాన్ని వదులుకోవడం కుదరదని 1960లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 1974లో ఇందిరా గాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ కొత్త ఒప్పందం చేసుకున్నారు. బంగ్లాదేశ్ పార్లమెంటు ఆ ఏడాదే దాన్ని ఆమోదించగా, మనకు 2015 దాకా పట్టింది. ఈలోగా ఒకరి గడ్డలో మరొకరివిగా చిక్కుకుపోయిన 162 తునకల్లో, 2011 నాటి ఉమ్మడి లెక్కింపు ప్రకారం, 51 వేలకు పైగా మనుషులు ఏ దేశపు పాలనకూ నోచుకోకుండా బతికారు. తమ దేశపు బడికో ఆసుపత్రికో వెళ్లాలన్నా మధ్యలో పరాయి దేశాన్ని దొంగచాటుగా దాటాలి. వాటిలో దహాలా ఖగ్రాబారీ అనే తునక మరీ విడ్డూరం: రెండెకరాలు కూడా లేని ఆ భారత భూమి చుట్టూ బంగ్లాదేశ్ తునక, దాని చుట్టూ మళ్లీ భారత్ తునక, ఆ మూడింటి చుట్టూ బంగ్లాదేశ్.

2015లో అది ఎందుకు సాధ్యపడిందో గమనించాలి. 2013 చివర్లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం పరిశీలించి ఆమోదించమని చెప్పింది, అస్సాంలో వచ్చిన అభ్యంతరాల మీద బహిరంగంగానే వాదులాట జరిగింది, తరలివచ్చే కుటుంబాల పునరావాసానికి నిధులిస్తామని బెంగాల్‌కు కేంద్రం హామీ ఇచ్చింది. అప్పట్లో వ్యతిరేకించిన పార్టీయే అధికారంలోకి వచ్చి అదే సవరణను మే నెలలో రెండు సభల్లోనూ ఏకగ్రీవంగా గట్టెక్కించింది. జూన్‌లో మోదీ ఢాకా వెళ్లినప్పుడు మమత కూడా అక్కడే ఉన్నారు. జులై 31 అర్ధరాత్రి భూముల మార్పిడి జరిగిపోయింది. మన దౌత్య చరిత్రలో ఇంట గెలిచి రచ్చ గెలిచిన ఉదాహరణ ఏదైనా ఉందంటే అది ఇదే.

విదేశాంగ విధానం కేంద్రం పరిధిలోది, రాజ్యాంగం 253వ అధికరణం ప్రకారం ఒప్పందాల అమలుకు రాష్ట్రాల జాబితాలోని అంశాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు, మరి రాష్ట్రాలను అడగడమేమిటి అనేవారున్నారు. అధికారం ఉన్న మాట నిజమే. 2011లోనూ ఆ అధికారం ఉంది, అయినా సంతకం ఆగిపోయింది. గేట్లు ఎత్తాల్సింది, రైతుకు జవాబు చెప్పాల్సింది రాష్ట్రం అయినప్పుడు దాని మాట వినడం అంటే దానికి వీటో హక్కు ఇచ్చేయడం కాదు. అన్నీ విన్న తర్వాత కేంద్రం తన నిర్ణయం తాను తీసుకోవచ్చు. రహస్యం బయటపడుతుందన్న వాదనలో కొంత పస ఉంది. కానీ అలా రహస్యంగా చెప్పి వచ్చిన మాటలే తర్వాత గొంతు మీదికి వస్తున్నాయి. రామేశ్వరానికి, లంకకు మధ్య ఉన్న కచ్చతీవు అనే చిన్న దీవిని శ్రీలంకకు వదిలిన 1974 ఒప్పందానికి ముందు విదేశాంగ కార్యదర్శి వెళ్లి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధితో మాట్లాడినట్టు ప్రభుత్వ పత్రాలున్నాయి. ఒప్పందం తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ నిరసన తెలిపింది. ఎవరు ఎవరికి ఎంత చెప్పారు, ఎవరు ఎందుకు ఊరుకున్నారు అన్న తగవు యాభై ఏళ్లు గడిచినా ఎన్నికలు వచ్చినప్పుడల్లా లేస్తూనే ఉంది. రామేశ్వరం పడవలు మాత్రం లంక నౌకాదళానికి చిక్కుతూనే ఉన్నాయి.

ఇదంతా బెంగాలీల, తమిళుల గొడవ అని తెలుగువారు అనుకోవడానికి లేదు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు కూలికి వెళ్లి, అక్కడి పడవల్లో వేట చేస్తూ 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. ఖైదీల, మత్స్యకారుల జాబితాలను రెండు దేశాలు ఏటా జనవరి 1న, జులై 1న మార్చుకుంటాయి. ఏ రాష్ట్రం వారు ఎందరున్నారో, వారి ఇళ్ల పరిస్థితి ఏమిటో రాష్ట్ర ప్రభుత్వాలు రాతపూర్వకంగా ముందుగా అందిస్తేనే పెద్దల భేటీల ఎజెండాలో ఆ పేర్లకు చోటు దొరుకుతుంది. ఇక్కడ తప్పు కేంద్రానిది మాత్రమే అనలేం. అడిగేదాకా నోరు విప్పని రాష్ట్రాలూ ఉన్నాయి.

కొత్త వ్యవస్థలేవీ పెట్టమని నేను కోరడం లేదు. రాష్ట్రాలతో సమన్వయానికి విదేశాంగ శాఖలో 2014లోనే ఒక విభాగం ఏర్పాటైంది. పర్యటన తేదీ ప్రకటించడానికి ముందే, ఒప్పందం ఏ రాష్ట్రాన్ని తాకుతుందో ఆ రాష్ట్రానికి ముసాయిదా పంపి, గడువు పెట్టి రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. ఆ తర్వాత ముసాయిదాలో అంకెలు మారితే మారిన ప్రతిని మళ్లీ చూపించాలి. ఒప్పందం కుదిరాక ఆ ఉత్తర ప్రత్యుత్తరాలను పార్లమెంటు ముందుంచితే ఎవరు ఏమన్నారో తేలిపోతుంది.

ఈ అవసరం ముందుగా కనిపించేది గంగ దగ్గరే. 1996 ఒప్పందం 30 ఏళ్ల గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. 2024 జూన్‌లో హసీనా ఢిల్లీ వచ్చినప్పుడు పొడిగింపుపై సాంకేతిక చర్చలు మొదలుపెడతామని ప్రకటించగానే, తమను సంప్రదించలేదని మమత ప్రధానికి లేఖ రాశారు. బెంగాల్ ప్రతినిధి కమిటీలో ఉన్నారని కేంద్రం బదులిచ్చింది. ఫరక్కా వల్ల తమ వైపు పూడిక పెరిగి వరదలు వస్తున్నాయని బిహార్ ఏళ్లుగా మొత్తుకుంటోంది. ఆ ఏడాది ఆగస్టులో హసీనా ప్రభుత్వమే పడిపోయింది కాబట్టి, అవతలి వైపు కుర్చీలో కూర్చునేవారితో సంభాషణ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిన పరిస్థితి. పట్నా, కోల్‌కతాలతో మాటలు పూర్తికాకుండా ఢాకాతో కూర్చుంటే 2011 సెప్టెంబరు తిరిగి చూడాల్సి వస్తుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. ప్రధాని పొరుగు దేశ పర్యటన ప్రకటించిన రోజున, అదే దేశంతో గత పర్యటనలో వెలువడిన సంయుక్త ప్రకటనను పక్కనే అచ్చువేసి, అందులోని ఏ అంశం అమలైంది, ఏది ఏ రాష్ట్రం దగ్గర ఆగింది, ఏ ఫైలు ఏ మంత్రిత్వ శాఖలో ఉంది అన్నది మీ ఢిల్లీ విలేఖరి చేత రాయించండి. విందు ఫొటోలకు కేటాయించే అర పేజీ ఇందుకు సరిపోతుంది.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు