ఒకే సైజు ప్యానెళ్లకు వేరువేరు గడువులు ఎందుకు చెబుతున్నామంటే

నమస్కారం. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషిన్‌తో చెక్కడానికి ఒకే సైజు చెక్క ప్యానెళ్లు రెండిస్తే, ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా ఎందుకిస్తున్నారని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఇకమీదట సైజు చూసి గడువు చెప్పం. డిజైన్‌కు టూల్‌పాత్, అంటే మెషిన్ బిట్ నడవాల్సిన దారి, వేసి చూశాకే చెబుతాం. కారణం ఇదీ.

600 x 300 మి.మీ. ప్యానెల్ అనుకోండి. ఫినిషింగ్‌లో, అంటే చివరి నునుపు కోతలో, గుండ్రటి కొన ఉన్న బాల్ నోస్ బిట్ (తిరుగుతూ చెక్కను కోసే పనిముట్టు), పొలంలో సాళ్లు దున్నినట్టు పక్కపక్కనే కోసుకుంటూ పోతుంది. సాలుకీ సాలుకీ మధ్య దూరమే స్టెప్‌ఓవర్. అది 0.3 మి.మీ. అయితే 1000 సాళ్లు, అంటే 600 మీటర్ల కోత. నిమిషానికి 3 మీటర్ల చొప్పున 3 గంటల 20 నిమిషాలు. 0.6 పెడితే అందులో సగం. 6 మి.మీ. బిట్‌తో 0.6 దగ్గర సాళ్ల మధ్య మిగిలే గట్టు 0.015 మి.మీ. మాత్రమే. సాండ్ పేపర్‌తో కాస్త రుద్దితే పోతుంది.

అయితే ఇది చదునైన చోట లెక్క. బుగ్గ పక్కనో, పూరేకు అంచు కిందో 60 డిగ్రీల వాలు వస్తే, సాళ్లు ఆ వాలు ఎక్కి దిగకుండా దాని వెంట పక్కగా పోతున్నప్పుడు ఆ 0.6 కాస్తా 1.2 అవుతుంది. గట్టు నాలుగింతలు పెరిగి మెట్లు కనిపిస్తాయి. మొత్తం ప్యానెల్‌ను 0.3తో నడిపేయడం మాకు తేలికే. కానీ ఖాళీ బ్యాక్‌గ్రౌండ్ మీద గంటలు పోయడం అన్యాయం అనిపిస్తుంది. అందుకే ఆ వాలు ఉన్న చోట మాత్రం అడ్డదిశలో ఇంకో పాస్ (ఇంకో విడత కోత) వేస్తాం. బ్యాక్‌గ్రౌండ్‌ను ఫ్లాట్ బిట్‌తో తీసేస్తాం. బాల్ నోస్ బిట్ నడికొన దగ్గర కోత వేగం దాదాపు సున్నా, చదును మీద అది కోయదు, రాపాడుతుంది.

"తొందరేం లేదు, మెల్లగా నడపండి" అని ప్రేమగా చెప్పేవాళ్లున్నారు. చెక్క విషయంలో ఇది ఎదురు తిరుగుతుంది. రెండు కోత అంచులున్న బిట్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ నిమిషానికి 3 మీటర్లు పోతే ఒక్కో అంచు 0.08 మి.మీ. పొట్టు తీస్తుంది. ఆ పొట్టుతోపాటే వేడీ బయటికి పోతుంది. నిమిషానికి ఒక మీటరుకు తగ్గిస్తే పొట్టు పిండిలా వస్తుంది, చెక్క మాడి నల్లచారలు పడతాయి, బిట్ కూడా త్వరగా మొద్దుబారుతుంది.

వీలైనంతవరకూ సాళ్లు చెక్క నార వెంటే వేస్తాం. నారకు అడ్డంగా పోతే అంచుల్లో పెచ్చులు లేస్తాయి.

సన్నటి అక్షరాలు, జాలీలాంటి లోతైన పనితనం మాత్రం ఏం చేసినా త్వరగా అవ్వవు. కొనవైపు సన్నబడుతూ వచ్చి, కొన 1 మి.మీ. ఉండే టేపర్ బిట్ తప్ప ఆ సందుల్లోకి ఏదీ వెళ్లదు, స్టెప్‌ఓవర్ 0.1 దాకా దించాల్సి వస్తుంది. అక్కడ టైమ్ తగ్గాలంటే డిజైన్‌లో గీతలు కాస్త వెడల్పు చేయాలి. ఆర్డరిచ్చేటప్పుడు ప్యానెల్ ఎంత ఎత్తులో పెడతారో, పెయింటా పాలిషా అన్నది చెప్పండి. పెయింట్ కప్పేసే సన్నగీతలు పాలిష్ కింద స్పష్టంగా బయటపడతాయి, స్టెప్‌ఓవర్ ఈ రెండిటినీ బట్టే పెడతాం. ఇప్పటికే మాటిచ్చిన ఆర్డర్ల గడువుల్లో మార్పేమీ లేదు.